ఫోన్ చెయ్యాలా, వాట్సాప్ పెట్టాలా, మెయిల్ రాయాలా, మీటింగ్ పెట్టాలా? ఆఫీసులో ఏ విషయం ఎక్కడ చెప్తే పనవుతుంది

ఒకప్పుడు ఆఫీసులో ఏదైనా చెప్పాలంటే సీటు దగ్గరికి వెళ్ళి చెప్పడమో, కాగితం మీద రాసి పంపడమో, అంతే ఉండేది. ఇప్పుడు అదే విషయానికి ఫోను, వాట్సాప్, టీమ్స్ లేదా స్లాక్ లాంటి ఆఫీసు చాట్ యాప్, మెయిలు, వీడియో కాలు, మీటింగ్ రూము, పైగా వాయిస్ మెసేజీ, ఇన్ని ఉన్నాయి, దాంతో ఏమైందంటే చెప్పాల్సింది ఏంటో తెలిసినా ఎక్కడ చెప్పాలో ఆలోచించకుండా జనం చేతికి ఏది అందితే దాంట్లో పెట్టేస్తున్నారు. జీతం పెంచమని వాట్సాప్‌లో అడుగుతారు, సర్వర్ పడిపోయిందని మెయిల్ పెట్టి రిప్లై రాలేదని కూర్చుంటారు, పది మందిని గంటసేపు మీటింగ్‌లో కూర్చోబెట్టి రెండు లైన్ల మెయిల్‌లో అయిపోయే సంగతి చదివి వినిపిస్తారు.

మన దగ్గర 'నాకు కమ్యూనికేషన్ వీక్ అండి' అని ఎవరైనా అన్నారంటే చాలావరకు వాళ్ళు చెప్పేది ఇంగ్లీష్ గురించి. అమీర్‌పేట కోర్సులైనా యూట్యూబ్ వీడియోలైనా అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఇంగ్లీష్ కావాలి, కాదనను, కానీ చక్కటి ఇంగ్లీష్‌లో రాసిన పేజీడు మెయిల్ చదివి 'ఇంతకీ నన్నేం చెయ్యమంటున్నాడు' అని తల గోక్కోవడం, వచ్చీరాని ఇంగ్లీష్‌లో వచ్చిన రెండు లైన్లకి పని చకచకా అయిపోవడం, రెండూ రోజూ జరిగేవే. సాఫ్ట్ స్కిల్స్ క్లాసుల్లో ఇంకో సంగతి ఉంటుంది, బోర్డు మీద 7, 38, 55 అని రాసి మాటలకి ఏడు శాతమే విలువ, మిగతాదంతా గొంతూ బాడీ లాంగ్వేజీ అంటారు చూశారా, అది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1967లో చేసిన ప్రయోగాల్లోంచి వచ్చిన లెక్క. ఆయన చూసింది ఎదుటి మనిషికి మనమంటే ఇష్టమా కాదా అన్నది మనం ఎలా పసిగడతాం అని, అది కూడా మాట ఒకటి చెప్తూ మొహం ఇంకోటి చెప్తున్నప్పుడు. భావాల గురించి కాని మాటలకి ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పాడు, అయినా మనవాళ్ళు వదల్లేదు. 'బిల్లు 14వ తేదీకి పాస్ అవ్వాలి' అన్న మాటలో 93 శాతం చేతులూపడంలో ఎలా ఉంటుందండీ.

కాబట్టి గ్రామర్ కంటే ముందు చూసుకోవాల్సింది దారి. నేనైతే ఏదైనా పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. రేపెప్పుడైనా 'అలా ఎవరన్నారు' అని గొడవొస్తే చూపించాల్సిన విషయమా ఇది? అవతలివాళ్ళు తిరిగి నాలుగు ప్రశ్నలు అడిగే విషయమా? ఇది విని వాళ్ళ మొహం మారుతుందా? మొదటిదానికి అవునంటే రాతలో ఉండాలి, రెండోదానికి అవునంటే మాట్లాడాలి, మూడోదానికి అవునంటే వీలైనంతవరకు ఎదురుగా వెళ్ళాలి. మూడిటికీ అవునని వస్తే ముందు ఎదురుగా మాట్లాడి తర్వాత రాయాలి, ఆ వరుస మాత్రం తిరగెయ్యకూడదు. అర్జెంటు అయితే ఫోన్ చెయ్యాలన్నది ఎవరూ చెప్పక్కర్లేదు, అయినా చెయ్యరు, అది వేరే సంగతి.

ఎదురుగా మాట్లాడటమా, ఫోనా

ఒకరి పనిలో తప్పు చెప్పాలన్నా, ఇద్దరి మధ్య ఏదో తేడా వచ్చిందన్నా, డెడ్‌లైన్ తప్పుతోందని పైవాళ్ళకి చెప్పాలన్నా ఎదురుగా వెళ్ళడమే మేలు. రాతలో 'ఇది ఇలా చెయ్యాల్సింది కాదు' అని ఉంటే చదివేవాడు దాన్ని వాడి మూడ్‌లో చదువుకుంటాడు, మీరు మామూలుగానే రాసినా వాడికి తిట్టినట్టే ఉంటుంది, వెనక్కి ఇంకో ఘాటు రిప్లై వస్తుంది, సాయంత్రానికి సీసీలో మేనేజర్ కూడా చేరతాడు. అదే టీ తాగుతూ చెప్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఎదురుగా చెప్పినా నలుగురిలో చెప్పొద్దు, మన దగ్గర పది మంది ముందు మాట పడటమంటే విషయం పక్కకి పోయి పరువు ముందుకొస్తుంది, ఇక ఆ మనిషి తప్పు ఒప్పుకోడు.

ఎదురుగా మాట్లాడటంలో ఉన్న ఇబ్బంది అవతలివాళ్ళ పని ఆగిపోవడం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కోడ్ రాస్తున్నవాడి భుజం తట్టి 'ఒక్క నిమిషం' అనడం, లెక్కలు టాలీ చేస్తున్న అకౌంటెంట్ దగ్గర నిలబడి 'ఆ బిల్లు ఏమైంది' అనడం, వాళ్ళు మళ్ళీ ఎక్కడున్నారో అక్కడికి రావడానికి బోలెడు టైం పడుతుంది. 'ఎప్పుడు రమ్మంటారు' అని ముందు చిన్న మెసేజ్ పెట్టి వెళ్తే ఇద్దరికీ హాయి.

ఫోన్ దీనికి తర్వాత మెట్టు. మొహం కనపడదు గానీ గొంతు వినపడుతుంది, ప్రశ్నకి అప్పటికప్పుడు జవాబొస్తుంది, దూరంగా ఉన్నవాళ్ళకి ఇదే గతి. కాకపోతే ఫోన్లో అంకెలూ తేదీలూ భలే దెబ్బకొడతాయి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ రెండూ ట్రాఫిక్ మధ్యలో ఒకేలా వినపడతాయి, అందుకే ఇద్దరూ తెలుగువాళ్ళయితే అంకె తెలుగులో ఒకసారి చెప్పుకోండి, పదిహేనుకీ యాభైకీ పొరపాటు పడే ఛాన్సే లేదు. తెలుగు రానివాళ్ళతో అయితే 'వన్ ఫైవ్' అని విడగొట్టండి. 'నెక్స్ట్ ఫ్రైడే' అనొద్దు, సోమవారం అన్నప్పుడు అది ఈ శుక్రవారమా వచ్చే శుక్రవారమా అన్నది ఎవరికి వాళ్ళే అనుకుంటారు, తేదీ చెప్పండి. అమెరికా వాళ్ళతో పనిచేసేవాళ్ళయితే రాతలో కూడా జాగ్రత్త, 04/05 అంటే మనకి మే 4, వాళ్ళకి ఏప్రిల్ 5, నెల పేరు అక్షరాల్లో రాసేస్తే గొడవే లేదు.

ఫోన్ పెట్టేసేముందు అవతలివాళ్ళ చేత ఒకసారి తిరిగి చెప్పించుకోవడం అలవాటు చేసుకోండి, ఇది చాదస్తం కాదు. విమానాల పైలట్లు కంట్రోల్ టవర్ చెప్పిన ముఖ్యమైన ప్రతి ఆదేశాన్నీ తిరిగి అప్పజెప్తారు. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవి ఎయిర్‌పోర్టులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది పోయారు, పొగమంచు ఒక కారణం, కానీ పెద్ద కారణం మాటల్లో వచ్చిన తేడా: ఒక విమానం కెప్టెన్ పర్మిషన్ వచ్చేసిందనుకుని బయల్దేరాడు, టవర్ 'ఓకే' అని మొదలుపెట్టి ఆగమని చెప్పేలోపు అదే టైంలో రెండో విమానం కూడా రేడియోలో మాట్లాడటంతో ఆ మాటలు కలిసిపోయి కీచుమని మోత తప్ప కాక్‌పిట్‌లో సరిగ్గా ఏమీ వినపడలేదు. దాని తర్వాతే విమానాల్లో ఏ మాట ఎప్పుడు వాడాలి అన్నది గట్టిగా బిగించారు, టేకాఫ్ అన్న మాటని నిజంగా టేకాఫ్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు తప్ప వాడకూడదన్నారు. మన ఆఫీసులో ప్రాణాలేం పోవు గానీ 'ఓకే సార్' అని ఫోన్ పెట్టేశాక ఏది ఓకే అన్నదాని మీద ఎన్ని రోజులు పోతాయో మీకూ తెలుసు. 'సరే సార్' అన్నారంటే విన్నామని, అంతే. చేస్తామనుకోవడం మన ఆశ. 'చూస్తాను', 'ట్రై చేస్తా' అన్నవాళ్ళని మొహమాటపడకుండా 'ఎప్పటికి చెప్పగలరు' అని అడిగెయ్యండి, అవ్వదనుకుంటే ఆ ప్రశ్న దగ్గరే బయటపడుతుంది.

వాట్సాపా, టీమ్స్ లాంటివా

కంపెనీలో టీమ్స్, స్లాక్ లాంటిది ఉంటే పని మాటలు అందులోనే పెట్టండి, వాట్సాప్‌లో కాదు. వాట్సాప్‌లో పిన్నిగారి గుడ్ మార్నింగూ, అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకర్ గొడవా, క్లయింట్ పంపిన ఫైలూ ఒకే చోట పడి ఉంటాయి, వారం తర్వాత వెతికితే దొరకదు. పైగా ఉద్యోగం మానేసినవాడి ఫోన్లో ఆ చాట్ మొత్తం అలాగే ఉంటుంది. కస్టమర్ల ఆధార్, పాన్ ఫోటోలు బ్రాంచ్ గ్రూపుల్లో తిరగడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టమే వచ్చింది, అయినా 'క్లియర్‌గా లేదు ఇంకో ఫోటో పెట్టు' అంటూనే ఉంటారు.

కానీ వాస్తవం కూడా చూడాలి. సైట్ సూపర్‌వైజర్లు, మెడికల్ రెప్పులు, స్కూల్ టీచర్లు, సచివాలయం సిబ్బంది, డెలివరీ వాళ్ళు, వీళ్ళందరికీ వాట్సాప్ గ్రూపే ఆఫీసు. వాళ్ళని స్లాక్ వాడమంటే నవ్విపోతారు. అలాంటి చోట గ్రూపుని రెండుగా విడగొట్టడం మంచిది, ఒకటి అడ్మిన్‌లు మాత్రమే పోస్ట్ చేసేది, ఆర్డర్లూ సర్క్యులర్లూ అందులో, ఇంకోటి మాట్లాడుకోవడానికి. ఒకే గ్రూపులో సర్క్యులర్ పడి దాని కింద అరవై బొటనవేళ్ళు పడితే ఆలస్యంగా చూసినవాడికి సర్క్యులర్ కనపడేదెలా. బ్లూ టిక్ పడిందంటే ఫోన్లో చాట్ తెరిచారని అంతే, చదివారని గ్యారెంటీ లేదు, ఇక 'మీరు చూశారు కదా, టిక్ పడింది' అని వాదించడం వల్ల వచ్చేదేం లేదు.

ఏ చాట్‌లో అయినా సరే 'హాయ్ సార్' అని పెట్టి ఆగిపోవడం మానేద్దాం. అవతలివాడు హాయ్ అని రిప్లై ఇచ్చేవరకు అసలు సంగతి చెప్పరు, ఆయన మీటింగ్‌లోంచి గంటకి బయటికొచ్చి హాయ్ అంటాడు, అప్పటికి వీళ్ళు లంచ్‌లో ఉంటారు, ఇలా సాయంత్రం అవుతుంది. మర్యాద కోసమే అలా చేస్తారు, తెలుసు, కానీ 'నమస్తే సార్, కూకట్‌పల్లి సైట్ కాంక్రీట్ రేపు ఉదయం 7కి, మీరు సాయంత్రంలోపు స్టీల్ చెక్ చేసి ఓకే చెప్పాలి' అని ఒక్క మెసేజ్‌లోనే మర్యాదా విషయమూ రెండూ పెట్టెయ్యొచ్చు కదా.

వాయిస్ మెసేజ్ గురించి రెండు రకాల వాళ్ళున్నారు. పంపేవాడికి సుఖం, వినేవాడికి శిక్ష, ఎందుకంటే అందులో ఏముందో తెలియాలంటే మొత్తం వినాలి, మీటింగ్‌లో వినలేరు, వెతకలేరు. కాబట్టి ఆఫీసులో కూర్చునేవాళ్ళకి పంపొద్దు. తెలుగు టైపింగ్ రాక, ఇంగ్లీష్ రాయడం ఇబ్బందై, లేదా బండి మీద ఉన్న ఫీల్డ్ వాళ్ళ నుంచి మాత్రం వాయిస్ మెసేజే నయం, వాళ్ళు టైప్ చేసే నాలుగు ముక్కల కంటే అర నిమిషం మాటలో ఎక్కువ సమాచారం ఉంటుంది. దాంట్లో ఉన్న అంకెలూ తేదీలూ మీరే టైప్ చేసి కింద పెడితే సరిపోతుంది.

వాట్సాప్‌లో పంపిన మెసేజ్ 15 నిమిషాల వరకు ఎడిట్ చేసుకోవచ్చు, డిలీట్ కూడా చెయ్యొచ్చు, కానీ డిలీట్ చేసిన గుర్తు అలా ఉండిపోతుంది, అది చూసి గ్రూపులో అందరూ ఏం పెట్టావ్ ఏం పెట్టావ్ అని వెంటపడతారు. ఫ్రీ స్లాక్ వాడే చిన్న కంపెనీలు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, అందులో 90 రోజుల దాకా వెనక్కే మెసేజీలు కనపడతాయి. ముఖ్యమైన నిర్ణయం చాట్‌లో తేలితే దాన్ని అక్కడే వదిలెయ్యకుండా మెయిల్‌లోకో డాక్యుమెంట్‌లోకో ఎక్కించండి.

మెయిల్ ఎప్పుడు, ఎలా

రేటు ఒప్పుకోవడం, స్కోప్ (ఏ పని ఎంతవరకు చెయ్యాలన్నది) మారడం, అప్రూవల్, సెలవు, పని అప్పగించడం, ఇవన్నీ మెయిల్ విషయాలు. మాట్లాడుకున్నది ఏదైనా సరే డబ్బుకో తేదీకో సంబంధించిందైతే అదే రోజు రెండు లైన్ల మెయిల్ పడాలి: 'ఇందాక మాట్లాడుకున్నట్టు మాడ్యూల్ టెస్టింగ్ 22 నాటికి మేం పూర్తి చేస్తాం, డేటా 18 లోపు మీరిస్తారు, ఏదైనా తేడా ఉంటే చెప్పండి.' ఇది రాస్తే అవతలివాళ్ళు నమ్మట్లేదనుకుంటారేమో అని కొందరి బెంగ. అనుకోరు. పని బాగా చేసేవాళ్ళు సంతోషిస్తారు, మాట మార్చేవాళ్ళకే ఇబ్బంది.

మెయిల్ రాసేటప్పుడు మనవాళ్ళు చేసేది ఏంటంటే మొదట క్షేమ సమాచారం, తర్వాత మొత్తం కథ, ఆఖర్లో ఎక్కడో కావాల్సింది, దాని కింద 'ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్'. ఆ నీడ్‌ఫుల్ ఏంటో రాసినవాడికీ తెలీదు చదివేవాడికీ తెలీదు. తిరగెయ్యండి. కావాల్సింది మొదటి లైన్‌లో, ఎప్పటికి కావాలో రెండో లైన్‌లో, కథ కింద, చదివితే చదువుతారు లేకపోతే లేదు. సబ్జెక్ట్‌లో 'అప్‌డేట్', 'అర్జెంట్' అని కాకుండా 'వరంగల్ డీలర్ బిల్లు: గురువారం సాయంత్రం 5 లోపు మీ అప్రూవల్ కావాలి' అని రాస్తే సగం మెయిల్ అక్కడే అయిపోయింది. ముగ్గురికి 'టూ'లో పెట్టి ఎవరు చెయ్యాలో రాయకపోతే ముగ్గురూ మిగతా ఇద్దరు చేస్తారనుకుంటారు, కాబట్టి పని పక్కన పేరు రాయాలి.

సీసీ అంటే 'మీకు తెలియాలి, మీరేం చెయ్యక్కర్లేదు' అని. మన ఆఫీసుల్లో దాన్ని బెదిరింపుకి వాడతారు, రిప్లై రాకపోతే నెక్స్ట్ మెయిల్‌లో పైవాణ్ణి సీసీలో పెట్టేస్తారు. ఒక్కోసారి అది తప్పదు కూడా, కానీ ముందు ఒక ఫోన్ చేసి 'రేపటికి రాకపోతే సార్‌ని కలపాల్సి వస్తుంది' అని చెప్పి కలిపితే సంబంధం చెడదు. బీసీసీ, అంటే మిగతావాళ్ళకి పేరు కనపడకుండా కాపీ పంపడం, ఇంకా జాగ్రత్త, బీసీసీలో ఉన్నవాడు తెలీక రిప్లై ఆల్ కొట్టాడంటే మీ గుట్టు అందరి ఎదుటా బయటపడుతుంది, అలా చూపించాలనుకుంటే మెయిల్ పంపాక విడిగా ఫార్వర్డ్ చెయ్యడమే నయం. జీమెయిల్‌లో పంపిన మెయిల్ వెనక్కి తీసుకునే గడువు మామూలుగా 5 సెకన్లే ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 30 సెకన్లు చేసుకోండి, కోపంలో రాసిన మెయిల్‌కి ఆ పాతిక సెకన్లు చాలా విలువైనవి. కోపం ఇంకా ఎక్కువుంటే 'టూ'లో పేరు పెట్టకుండా రాసుకుని డ్రాఫ్ట్‌లో పడేసి ఇంటికెళ్ళిపోండి.

వాట్సాప్‌కి కోర్టులో విలువ లేదు, మెయిల్‌కే ఉంది అని ఒక మాట ఆఫీసుల్లో తిరుగుతుంటుంది, అది తప్పు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులు ఏవైనా, కావాల్సిన సర్టిఫికెట్ జతచేసి సాక్ష్యంగా పెట్టొచ్చు, అంతకుముందున్న చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మెయిల్ మేలు అనేది చట్టం వల్ల కాదు, వెతుక్కోవడానికి తేలిక, కంపెనీ దగ్గర కాపీ ఉంటుంది, అంతే. అంటే వాట్సాప్‌లో సరదాగా అన్నాను అనుకున్నది కూడా రాతే, అది గుర్తుంటే చాలు.

గవర్నమెంట్ ఆఫీసుల్లో నోటిమాట, ఫైలు మీద రాత

ఇక్కడ లెక్క వేరే. పైఆఫీసరు టెలికాన్ఫరెన్స్‌లోనో ఫోన్లోనో 'అది చేసెయ్యండి, ఫైలు తర్వాత చూద్దాం' అంటారు, చెయ్యకపోతే ఇప్పుడే ఇబ్బంది, చేస్తే మూడేళ్ళ తర్వాత ఆడిట్‌లో ఇబ్బంది. కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాల్లో దీని గురించి స్పష్టంగానే ఉంది, పైఅధికారి ఆదేశం మామూలుగా రాతలో ఉండాలి, తప్పనిసరై నోటితో ఇస్తే వెంటనే రాతలో ఖరారు చెయ్యాలి, కింది ఉద్యోగి కూడా ఆ ఖరారు అడిగి తీసుకోవాలి. రిటైరైన కేబినెట్ సెక్రటరీ టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ ఇంకొంతమందితో కలిసి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 అక్టోబర్ 31న ఇచ్చిన తీర్పు కూడా సివిల్ సర్వెంట్లు నోటిమాట ఆదేశాల మీద పనిచెయ్యొద్దని, అలాంటివి రికార్డ్ చెయ్యాలని చెప్పింది, రాతే లేకపోతే ఇక 2005 సమాచార హక్కు చట్టం కింద జనం అడిగి తెలుసుకునేదేముంటుంది అన్నది అందులో ఒక కారణం.

రూలు అలా ఉన్నా ఆఫీసరు ఎదురుగా నిలబడి 'రాసివ్వండి సార్' అనడం ఎంత కష్టమో అక్కడ పనిచేసేవాళ్ళకే తెలుసు. అనుభవం ఉన్న సూపరింటెండెంట్లు అడగరు, వాళ్ళే నోట్ పెడతారు: 'ఈరోజు ఉదయం ఫోన్లో తమరు ఆదేశించిన మేరకు ఈ చర్య తీసుకోవడమైనది, దయచేసి ధృవీకరించగలరు.' అందులో ధిక్కారం లేదు, వినయం ఉంది, రికార్డూ ఉంది. ప్రైవేటులో పనిచేసేవాళ్ళకి కూడా ఈ పద్ధతి పనికొస్తుంది, కాస్త భాష మార్చుకుంటే చాలు.

మీటింగ్ పెట్టాలా వద్దా

ముగ్గురి కంటే ఎక్కువమంది కలిసి ఒక నిర్ణయానికి రావాలి, వాళ్ళ మధ్య భిన్నాభిప్రాయం ఉంది, అప్పుడు మీటింగ్. సమాచారం చెప్పడానికైతే వద్దు, రాసి పంపండి. ఎవరేం చేశారో ఒక్కొక్కరూ మేనేజర్‌కి అప్పజెప్పే మీటింగ్ అయితే మరీ అన్యాయం, పది మందిలో తొమ్మిది మంది కెమెరా ఆపేసి వేరే పని చేసుకుంటుంటారు. సాఫ్ట్‌వేర్ టీమ్‌లు వాడే స్క్రమ్ అనే పద్ధతిలో రోజూ జరిగే చిన్న మీటింగ్‌కి (స్టాండప్ అంటారు) 15 నిమిషాలే గడువు, మన దగ్గర అది ముప్పావు గంట నడుస్తుంది, ఎందుకంటే ఇద్దరి మధ్య తేలాల్సిన విషయాన్ని అందరి ముందు మొదలుపెడతారు. 'ఇది మనిద్దరం తర్వాత చూద్దాం' అనే హక్కు టీమ్‌లో ప్రతివాళ్ళకీ ఉండాలి.

అమెజాన్‌లో దాని స్థాపకుడు జెఫ్ బెజోస్ 2004లో సీనియర్ల మీటింగుల్లో పవర్‌పాయింట్ వద్దన్నాడు. దాని బదులు ఆరు పేజీల్లోపు వాక్యాల్లో రాసుకొస్తారు, మీటింగ్ మొదలవ్వగానే అందరూ మాట్లాడకుండా అక్కడే కూర్చుని చదువుతారు, ఆ తర్వాతే చర్చ. మన నానక్‌రామ్‌గూడలో 2019లో ఆ కంపెనీ పెద్ద క్యాంపస్ తెరిచింది కాబట్టి ఈ పద్ధతి తెలిసినవాళ్ళు హైదరాబాద్‌లో చాలామందే ఉంటారు. చిన్న కంపెనీలకి ఆరు పేజీలు అక్కర్లేదు, ఒక్క పేజీ చాలు, అసలు ఉపయోగం ఏంటంటే వాక్యాల్లో రాయమంటే ఆలోచించనివాడు దొరికిపోతాడు, స్లైడ్ మీద నాలుగు చుక్కలు పెడితే దొరకడు. ఇంకోటి, గట్టిగా మాట్లాడలేనివాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు, ఇంగ్లీష్‌లో టక్కున జవాబు చెప్పలేనివాళ్ళు రాతలో బాగా చెప్పగలరు, ఉత్త మాటల మీటింగ్‌లో వాళ్ళ గొంతు ఎప్పటికీ రాదు.

అమెరికా టీమ్‌లతో పనిచేసేవాళ్ళకి టైం ఒక పెద్ద తలనొప్పి. న్యూయార్క్‌కీ మనకీ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర, మన తెలుగువాళ్ళు ఎక్కువున్న డల్లాస్ అయితే దానికి ఇంకో గంట కలపాలి, కాలిఫోర్నియా అయితే పన్నెండున్నర, పదమూడున్నర. మార్చిలో రెండో ఆదివారం, నవంబర్‌లో మొదటి ఆదివారం వాళ్ళ గడియారం మారుతుంది, మీటింగ్ వాళ్ళు పెట్టిందైతే మనకి ఒక గంట అటో ఇటో జరుగుతుంది, నవంబర్‌లో రాత్రి ఎనిమిదిన్నర కాల్ తొమ్మిదిన్నర అయి కూర్చుంటుంది. అందుకే ఇలాంటి టీమ్‌లలో కాల్ కంటే రాతే మేలు, ఒక ప్రశ్న సగం సగం అడిగితే జవాబుకి ఒక రోజు పోతుంది, ఆ జవాబు మీద ఇంకో ప్రశ్నకి ఇంకో రోజు. మీరు నిద్రపోతున్నప్పుడు వాళ్ళకి ఏ సందేహం రావొచ్చో అదీ ముందే రాసి పెట్టండి, స్క్రీన్‌షాట్, ఎర్రర్ లైన్, ఇప్పటికే ఏమేం చేసి చూశారో, ఇవన్నీ కలిపి. కాల్‌ని మాత్రం గొడవలకీ, కొత్తవాళ్ళ పరిచయాలకీ దాచుకోండి.

మీటింగ్ ఏదైనా సరే, అయ్యాక ఎవరేం చెయ్యాలి, ఎప్పటికి అన్నది రాసి పంపేవాళ్ళు ఒకరుండాలి. మన దగ్గర ఈ పని ఎప్పుడూ టీమ్‌లో ఉన్న ఒక్క అమ్మాయికో అందరికంటే జూనియర్‌కో అంటగడతారు, వంతులు వేసుకోండి.

తెలుగులోనా ఇంగ్లీష్‌లోనా, అన్నా అనాలా సార్ అనాలా

గదిలో తెలుగు రానివాళ్ళు ఒక్కరున్నా అందరికీ తెలిసిన భాషలో మాట్లాడాలి, ఇందులో రెండో మాట లేదు. నలుగురు తెలుగువాళ్ళు నవ్వుకుంటూ మాట్లాడుకుంటుంటే ఆ ఒరియా అబ్బాయో తమిళ అమ్మాయో తన గురించే అనుకుంటారు, బెంగళూరులో మనవాళ్ళు కన్నడ మాటల మధ్య కూర్చున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే. అందరూ తెలుగువాళ్ళే అయితే చర్చ తెలుగులోనే పెట్టుకోండి, మనసులో ఉన్నది మొత్తం బయటికొస్తుంది, నిర్ణయం మాత్రం ఇంగ్లీష్‌లో రాసుకుంటే రేపు ఎవరికైనా ఫార్వర్డ్ చెయ్యొచ్చు.

పిలుపుల సంగతి కొంచెం చిక్కు. గవర్నమెంట్ ఆఫీసులో, బ్యాంకులో సార్, మేడమ్ తప్పనిసరి, ఐటీలో పేరు పెట్టి పిలుస్తారు, స్టార్టప్‌లో అన్నా, హైదరాబాద్‌లో అయితే భయ్యా. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవడానికి నోరు రాకపోతే పేరు పక్కన గారు చేర్చండి, ఎవరూ తప్పు పట్టరు. టీమ్ లీడ్‌ని అన్నా అని పిలిచే చోట పని హాయిగా జరుగుతుంది నిజమే, కానీ అప్రైజల్ టైంలో అన్నని రేటింగ్ ఎందుకు తగ్గింది అని అడగడం ఎంత కష్టమో, తమ్ముడికి తప్పు చెప్పడం అన్నకీ అంతే కష్టం. నేనైతే కొత్త చోట చేరినప్పుడు మొదట గారుతో మొదలుపెట్టమంటాను, తర్వాత అన్నలోకి దిగొచ్చు, అన్న నుంచి గారుకి ఎక్కాలంటే మాత్రం కుదరదు.

ఈ సందర్భాల్లో ఏది ఎంచుకోవాలి

ఒంట్లో బాలేదు, ఇవ్వాళ రాలేను: మేనేజర్‌కి మెసేజ్, అర్జెంటు పని ఉంటే ఫోన్ కూడా, ఆ పని ఎవరికి అప్పగించారో పేరుతో సహా. రోగం వివరాలు అక్కర్లేదు. ముందే తెలిసిన సెలవైతే ముందు నోటితో అడిగి తర్వాత మెయిల్ లేదా పోర్టల్.

సిస్టమ్ ఆగిపోయింది, కస్టమర్లు లైన్లో ఉన్నారు: ఫోన్. ఎత్తకపోతే పక్కవాళ్ళకి ఫోన్. కారణం కనుక్కున్నాక చెప్దాం అని ఆగొద్దు, 'ఆగిపోయింది, చూస్తున్నాం, అరగంటలో మళ్ళీ చెప్తాం' అన్నా చాలు, ఆ అరగంటకి ఏమీ తేలకపోయినా మళ్ళీ చెప్పాలి.

జీతం పెంపు: ఎదురుగా, టైం తీసుకుని, చేసిన పనులు ఒక కాగితం మీద రాసుకుని. పక్కవాడి జీతంతో పోల్చొద్దు. వాళ్ళు 'చూద్దాం' అంటే ఏ నెలలో చూద్దాం అని అడిగి దాన్నే థాంక్యూ మెయిల్‌లో రాసెయ్యండి.

మీరు చేసిన పని ఇంకొకరు వాళ్ళదని చెప్పుకున్నారు: మీటింగ్‌లో అప్పటికప్పుడు లేవొద్దు, మెయిల్‌లో అసలే వద్దు. ఆ మనిషినే విడిగా అడగండి, మళ్ళీ జరిగితే మేనేజర్‌కి. అన్నిటికంటే నయం ఏంటంటే వారానికోసారి మీరేం చేశారో నాలుగు లైన్లు మీరే పంపుతూ ఉండటం.

లైంగిక వేధింపుల ఫిర్యాదు: ఇది మాత్రం మాటల్లో వదిలెయ్యొద్దు. పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి, జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు పెంచొచ్చు. రాయలేని పరిస్థితిలో ఉంటే రాయడానికి సాయం చెయ్యాల్సింది కమిటీ వాళ్ళే. హెచ్ఆర్‌లో తెలిసినవాళ్ళకి ఫోన్లో చెప్పాం కదా అనుకుంటే గడువు అలా కరిగిపోతుంది. వచ్చిన మెసేజీలు డిలీట్ చెయ్యకుండా ఉంచుకోండి.

రాజీనామా: ముందు మేనేజర్‌కి ఎదురుగా లేదా కాల్‌లో, ఆ రోజే మెయిల్, ఆ తర్వాతే టీమ్‌కి. ఈ వరుస తప్పి ముందు క్యాంటీన్‌లో తెలిసిపోయిందంటే నోటీస్ పీరియడ్ మొత్తం మొహం మొహం చూసుకోకుండా గడపాలి. మెయిల్‌లో కారణాలు, కోపాలు ఏం రాయొద్దు, చివరి తేదీ రాసి, చేతిలో ఉన్న పనులు ఎవరికి అప్పగిస్తారో రాస్తే చాలు, మిగతావి చెప్పాలనుంటే ఎగ్జిట్ ఇంటర్వ్యూలో నోటితో చెప్పండి, అదీ చెప్పాలనుంటేనే.